‘సాంకేతిక కారణాలు’ అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

గడువు తేదీ నాడు ప్రజాసేవల వెబ్‌సైట్ ఆగిపోతే ‘సాంకేతిక కారణాలు’ అని సరిపెడుతున్నారు. ఆ కారణం ఒక్కోసారి టెర్మినల్‌లో (కంప్యూటర్‌కు టైప్ చేసి ఆదేశాలిచ్చే తెరలో) కొట్టిన ఒకే ఒక్క కమాండ్. 2017 ఫిబ్రవరి 28న, ఎన్నో వెబ్‌సైట్లు ఫైళ్లు దాచుకునే అమెజాన్ ఎస్3 స్టోరేజీ దాదాపు 4 గంటలు కుంటుపడింది. కొన్ని సర్వర్లను తప్పించబోయిన ఉద్యోగి కమాండ్‌లో ఒక విలువ తప్పుగా ఇవ్వడంతో అనుకున్నవాటికంటే ఎక్కువే పోయాయి. తర్వాత అమెజాన్ ఆ టూల్‌నే సరిదిద్దింది. సర్వర్లను నెమ్మదిగానే తీస్తుంది, కనీస సంఖ్యకు దిగువకు పోనివ్వదు.

ఇలాంటి అడ్డుకట్టలు ప్రజాసేవల నిర్వహణ కాంట్రాక్టులోనే రాయించాలి. టెస్టింగ్ సర్వర్ల, ప్రొడక్షన్ (జనం నిజంగా వాడే) సర్వర్ల టెర్మినళ్లు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ‘క్యూబ్‌సీటీఎల్ కాన్ఫిగ్ కరెంట్-కాంటెక్స్ట్’ అనే కమాండ్‌తో అడిగితే ఏ క్లస్టర్‌లో (సర్వర్ల గుంపులో) ఉన్నామో తెలుస్తుంది. కానీ అర్ధరాత్రి హడావిడిలో అడగడం గుర్తుండదు. అందుకే రోజువారీ లాగిన్‌కు చూసే హక్కు మాత్రమే ఇవ్వాలి. మార్చే హక్కు వేరే లాగిన్‌తో, కొద్ది గంటల్లో దానంతటదే ముగిసేలా ఉండాలి. శాశ్వత యాక్సెస్ కీలు (పాస్‌వర్డ్‌లాంటి రహస్య సంకేతాలు) ల్యాప్‌టాప్‌లో మామూలు టెక్స్ట్ ఫైల్‌గా పడి ఉండకూడదు.

సర్వర్లను, డేటాబేస్‌లను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ టూల్ వాడేచోట, ఏమేం మారబోతాయో చూపే దాని ప్లాన్‌ను ఫైల్‌గా దాచి, రెండో మనిషి చదివాక అదే ఫైల్‌ను అప్లై (అమలు) చేయాలి. ప్లాన్ చివరి వరుసలో ‘డిస్ట్రాయ్’ (తొలగింపు) దగ్గర సున్నా లేకపోతే ఆగి చూడాలి. చిన్న సెట్టింగ్ మార్పు కూడా కొన్నిసార్లు ‘రీప్లేస్’ అవుతుంది, అంటే ఉన్న డేటాబేస్‌ను తీసేసి ఖాళీది పెడుతుంది. డిలీషన్ ప్రొటెక్షన్ (తొలగించనివ్వని సెట్టింగ్) ఉంటే ఆ తొలగింపు అక్కడే ఆగిపోతుంది. ‘రోల్‌అవుట్ అన్‌డూ’ కమాండ్ ఉందిలే అన్న ధీమా పనికిరాదు. అది పాత వెర్షన్ అప్లికేషన్‌ను తెస్తుందే తప్ప, డేటాబేస్‌లో మారిన పట్టికలను వెనక్కి తేలేదు.

ఇక బ్యాకప్. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశారు. రోజువారీ బ్యాకప్‌ల కోసం చూస్తే అవి లేనేలేవు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్, కాపీ తీసే టూల్ పాత 9.2 వెర్షన్ కావడంతో ప్రతిసారీ విఫలమవుతూ వచ్చాయి. ఆ సంగతి చెప్పాల్సిన హెచ్చరిక ఈమెయిళ్లూ చేరలేదు. సుమారు 6 గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఆదుకుంది. ఈ వివరాలన్నీ ఆ సంస్థే బయటపెట్టింది.

మన డేటాను దాచే ప్రతి ప్రజాసంస్థా 3 నెలలకోసారి బ్యాకప్‌ను ఖాళీ సర్వర్‌పై పునరుద్ధరించి, ఎంతసేపు పట్టిందో ప్రకటించాలి. సేవ ఆగిన ప్రతిసారీ, ఉద్యోగి పేరు లేకుండా, ఏ కమాండ్ దెబ్బతీసిందో, ఏ అడ్డుకట్ట లేకపోయిందో వారంలోగా ప్రచురించాలి.

– క్లౌడ్ సర్వర్ల నిర్వహణలో పనిచేసే ఒక పాఠకుడు