మూడేళ్ల లోపు పిల్లలకూ మీ పేజీలో కొంచెం చోటు ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది తిరుపతి. ఇంట్లోనే బట్టలు కుడతాను, దాంతోపాటు రెండేళ్ల నాలుగు నెలల మనవరాలిని చూసుకుంటాను. కూతురు, అల్లుడు పొద్దున ఎనిమిదిన్నరకు డ్యూటీకి పోతే మళ్లీ సాయంత్రం ఆరు దాటాకే వచ్చేది. అంతసేపూ పాప, నేను, మిషను.

పోయిన సంక్రాంతికి ముందు ఒకరోజు పితికిపప్పు చేద్దామని రాత్రి నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని కూర్చున్నాను. అప్పటికి పాపకు రెండేళ్లు కూడా నిండలేదు, చేతిలో ఫోను, అందులో ఏవో పాటలు. నేను గింజను రెండు వేళ్ల మధ్య నొక్కగానే పప్పు తొక్కలోంచి టక్కున గిన్నెలోకి ఎగిరి పడడం చూసి ఫోను నేల మీద పెట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది. మొదట దానికి రాలేదు, గింజ జారిపోయేది, లేకపోతే చితికిపోయేది, ఏడుపు మొహం పెట్టింది కానీ లేవలేదు. పది పన్నెండు గింజలు పాడయ్యాక ఒకటి వచ్చింది. ఇక చూడండి, పప్పు పడిన ప్రతిసారీ తనే చప్పట్లు కొట్టుకుంటూ ముప్పావు గంట కూర్చుంది, ఫోను లేకుండా అంతసేపు ఒక్కచోట ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న వస్తువు పట్టుకోవడం పిల్లలకు తొమ్మిదో నెల నుంచి ఏడాది లోపల వస్తుంది. కానీ పట్టుకోవడం వేరు, ఎంత గట్టిగా నొక్కాలో, ఎక్కడ వదలాలో తెలియడం వేరు. రేపు బలపం పట్టాలన్నా, గుండీ పెట్టుకోవాలన్నా, అన్నం కలుపుకుని ముద్ద చేసుకోవాలన్నా ఆ రెండు వేళ్లే కదా.

అదే రోజు ఇంకొకటి కూడా జరిగింది, దాచకుండా చెప్పాలి. నేను పొయ్యి వైపు తిరిగిన క్షణంలో ఒక గింజ బుగ్గలో పెట్టుకుంది. నోరు తెరిస్తే కనబడింది కాబట్టి తీసేశాను, కానీ నా గుండె దడ చాలాసేపు తగ్గలేదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలు పరీక్షించేటప్పుడు 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు, అందులో పూర్తిగా దూరిపోయే వస్తువు ఏదైనా గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. ఇంట్లో మనకు ఆ గొట్టం ఉండదు, అందుకని అంగుళంన్నర కంటే చిన్నదేదీ పాప ఒక్కతే ఉన్నప్పుడు చేతికివ్వకూడదని నేను నియమం పెట్టుకున్నాను. చెనిక్కాయ పప్పులు, చింతపిక్కలు, గుండీలు, పూసలు, నీళ్ల బాటిల్ మూతలు కూడా ఇందులోకే వస్తాయి. ఊదని బెలూన్లు, పగిలిన బెలూన్ ముక్కలు మరీ ప్రమాదం. గుండీలా ఉండే చిన్న బ్యాటరీలైతే అసలు పిల్లల కంట పడకూడదు, మింగితే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. అనపగింజల ఆట ఇప్పటికీ ఆడతాం, కానీ గిన్నె నా ఒళ్లోనే ఉంటుంది, పొయ్యి మీద ఏమీ ఉండదు.

ఇప్పుడు నేను ఉత్తరం రాస్తున్న కారణం. ఆదివారం పిల్లల పేజీ చాలా బాగుంటుంది, కానీ అదంతా చదవడం వచ్చిన పిల్లలకే. కథలు, పొడుపు కథలు, తేడాలు కనుక్కోండి, ఇవన్నీ ఆరేళ్లు దాటిన వాళ్లకు. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లకు ఇంట్లో ఉన్న వాటితో ఏం ఆడించాలో చెప్పే నాలుగు లైన్లు ఏ పేపర్లోనూ నాకు కనబడలేదు. ఆ వయసు పిల్లలను పగలంతా చూసుకునేది నాలాంటి అవ్వలు, అమ్మమ్మలు, తాతలు. మేము ఫోన్లో వెతుక్కోవాలంటే ఆ ఫోన్ పాప చేతికి పోతుంది. మాకు పేపరే దిక్కు.

మా వీధికి దగ్గర్లో ఒక ప్లేస్కూల్లో పాపను చేర్చడానికి అడగబోతే 3,500 రూపాయల కిట్టు కొనాలన్నారు. విప్పి చూపించమంటే చూపించారు. మెరిసే కాగితాలు, జిగురు, ప్లాస్టిక్ ముత్యాలు, ఊలు బంతులు. ఆ ముత్యాలు శనగగింజంత ఉన్నాయి. రెండేళ్ల పిల్లలకు ఇవి ఎలా ఇస్తారని అడిగితే టీచర్లే అతికించి ఇంటికి పంపుతారట! మరి పిల్ల చేసేదేముంది? నాకు బాధేసింది, ఆ డబ్బు కట్టడానికి లేక పిల్లను ఆపేసుకున్న తల్లి ఒకామె నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటుంది, ఆమె తన పిల్లకు ఏదో తక్కువ చేశానని ఇప్పటికీ అనుకుంటూ ఉంది.

ఏమీ తక్కువ కాలేదమ్మా అని ఆమెకు చెప్పిందే ఇక్కడ మీకూ రాస్తున్నాను.

మా ఇంట్లో రంగులు గంజితో చేస్తాం. అన్నం వార్చిన గంజి చిక్కగా ఉన్నప్పుడే మూడు గిన్నెల్లో పోసి ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ తురిమి పిండిన రసం, ఇంకోదాంట్లో పాలకూర నూరి వడకట్టిన నీళ్లు కలిపితే వేళ్లతో పూసుకునే రంగులు తయారు. కుక్కర్ వాడే ఇళ్లలో కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి మొక్కజొన్న పిండి రెండు చెంచాలు గ్లాసు నీళ్లలో కలిపి సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికిస్తే అలాంటి జిగురే వస్తుంది. నాలుక మీద పడినా ఫరవాలేదు, కానీ మరుసటి రోజుకు పులిసిపోతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. బ్రష్ కొనలేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు వెదురు పుల్ల చివర గుడ్డ చుట్టి దాన్నే కలంగా వాడడం నేను చిన్నప్పటి నుంచీ చూశాను, కరక్కాయ, బెల్లం, తుప్పు ఇనుముతో వాళ్లు చేసుకునే రంగులూ చూశాను. అది గుర్తొచ్చి పాపకు లావుపాటి పుల్ల చివర కొలతలు తప్పిన జాకెట్ ముక్క చుట్టి దారంతో గట్టిగా కట్టిచ్చాను. సన్నటి బ్రష్ కంటే ఇదే దాని పిడికిట్లో బాగా ఇముడుతుంది.

పసుపుతో ఇంకో తమాషా ఉంది. తెల్ల కాగితం మీద చిక్కటి పసుపు నీళ్లు పూసి ఆరనిచ్చి, స్నానం సబ్బు కలిపిన నీళ్లలో ఆ గుడ్డ పుల్ల ముంచి గీయిస్తే గీత పడిన చోటల్లా ఎర్రబడుతుంది. సబ్బులో క్షారం ఉంటుంది కాబట్టి పసుపు రంగు మారుతుంది, పసుపులో సున్నం కలిపి కుంకుమ చేయడం కూడా ఇదే లెక్క. సున్నం మాత్రం పిల్లల దగ్గరకు తేవద్దు, కళ్లలో పడితే చాలా ప్రమాదం. పాప మొదటిసారి ఎర్ర గీత చూసి తన వేలు తెగిందేమో అనుకుని నాకు వేలు చూపించింది. తర్వాత అర్థమయ్యాక నాలుగు కాగితాలు అయిపోగొట్టింది.

ఆడుకునే పిండి ముద్దకు రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, చెంచా నూనె, నీళ్లు కొద్దికొద్దిగా పోసి చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలుపుకోవాలి. గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే వారం వస్తుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి తిననివ్వకూడదు, నోట్లో పెట్టుకునే వయసులో ఉన్న పిల్లలకైతే మామూలు చపాతీ పిండి ముద్దే ఇవ్వండి.

ప్లాస్టిక్ గాజులు అప్పడాల కర్రకు తొడగడం, పెద్ద డబ్బా మూతకు గీత కోసి ఇంకో డబ్బా మూతలు అందులో వేయించడం, ఖాళీ అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చడం ఇవన్నీ పైసా ఖర్చు లేనివే. పేర్చే ఆటలో ఏడాదిన్నర పిల్లలు మూడు నాలుగు నిలబెడతారు, రెండేళ్లకు ఆరు దాకా పోతారు, ఎక్కువా తక్కువా అయితే టెన్షన్ పడక్కర్లేదు.

మీ పేపరు కూడా మా ఇంట్లో పెద్ద ఆటవస్తువే. నిలువుగా చింపితే సాఫీగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది, ఆ తేడా పాప తనంతట తనే కనుక్కుంది. చింపిన పీలికలన్నీ ఉండలు చుట్టి పాత దిండు గలీబులో కుక్కి బంతి చేశాం, మిద్దె మీద దాన్ని తన్నుకుంటూ తిరుగుతుంది. పేపర్ ఇంకు కడుపులోకి పోకూడదు, తినుబండారాలు న్యూస్‌పేపర్లో చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే చెప్పింది కదా, అందుకని ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడుగుతాను, పేపరు నోట్లో పెట్టుకునే పిల్లలకు ఈ ఆట వద్దు.

మన ఎండాకాలంలో పగలంతా ఇంట్లోనే. సాయంత్రం ఎండ తగ్గాక చెంబుడు నీళ్లు, పాత పెయింటు బ్రష్ ఇచ్చి మిద్దె మీద పిట్టగోడకు రంగు వేయమంటాను. మన తిరుపతి వేడికి గోడ రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, గీసింది మాయమైపోతే మళ్లీ గీస్తుంది. చెంబు అన్నాను, బకెట్ కాదు. బకెట్లో జానెడు నీళ్లున్నా పిల్ల తలకిందులుగా పడితే లేవలేదు, అందుకే నీళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా వదలకూడదు, మిద్దె మీదైతే అసలే వదలకూడదు. ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయ బుర్రలు రెండింటిని పుల్లతో కలిపి బండి చేసే పని మా ఆయనది, చిన్నప్పుడు పరిగెత్తించిన బండే మళ్లీ చేస్తున్నానని ఆయన సంబరం. కొబ్బరాకు బూర, ఆకు గడియారం నేను మరిచిపోతే పక్కింటి ముసలామె గుర్తు చేసింది. మేలో గంగజాతరప్పుడు బైరాగి వేషం చూసొచ్చాక పాప వారం రోజులు నా పాత తుండు నడుముకు చుట్టించుకుని వేపరెమ్మ పట్టుకుని ఇంట్లో తిరిగింది. నుదుటికి, చేతులకు కాస్త నామకొమ్ము, అదే నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద, అరగదీసి పూశాను. ఆ వేషానికి ఎంత ఖర్చయిందో లెక్క వేసుకోండి.

కొనాల్సి వస్తే కూడా మన దగ్గర మంచివి ఉన్నాయి. ఏర్పేడు దగ్గర మాధవమాల చెక్క పని, అటు ఏటికొప్పాక లక్క బొమ్మలు. ఫ్యాక్టరీ బొమ్మలైతే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి చేశారు.

ఫోన్ ఇచ్చే తల్లులను తిట్టడానికి ఇది రాయడం లేదు. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ పిల్లను ఎలా ఆపాలో తెలియక ఇస్తారు, నేనూ ఇచ్చాను, ఇప్పటికీ జ్వరం వచ్చిన రోజు ఇస్తాను. ఏడాది పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండేళ్లు దాటాక రోజుకు గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ మాట అందరం విన్నాం. అయితే ఫోన్ తీసేసుకున్నాక మిగతా టైమంతా ఏం చేయించాలో మాలాంటి వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు, కష్టమంతా అక్కడే.

చెప్పే పుస్తకం లేక కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024 మార్చిలో నవచేతన అనే విధానం తెచ్చింది, పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు నెలల వారీగా 140 ఆటలు, పనులు అందులో ఉన్నాయి. అంగన్వాడీ టీచర్లకు, ఇంట్లో చూసుకునే వాళ్లకు కూడా పనికొచ్చేలా రాశారు. మూడేళ్లు దాటితే బడి ఉంది, 2023లో వచ్చిన జాదుయీ పిటారా అనే ఆటవస్తువుల పెట్టె ఉంది. మూడేళ్ల లోపు పిల్లలు మాత్రం పూర్తిగా ఇంట్లో వాళ్ల చేతుల్లోనే ఉంటారు, ఆ 140 మా చేతికి రావాలంటే పేపరును మించిన దారి నాకు కనబడడం లేదు. వారానికి ఒకటి వేసినా రెండున్నరేళ్ల పైన వస్తాయి. ఆదివారం పేజీలో అరచేతంత పెట్టె చాలు. పెద్ద అక్షరాల్లో వేయండి, అద్దాలు లేకుండా చదవలేని వాళ్లమే ఎక్కువ. ఎన్ని నెలల పిల్లకు, ఇంట్లో ఏం కావాలి, దేంతో జాగ్రత్త, ఈ మూడూ ఉండాలి. జాగ్రత్త అన్న లైను మాత్రం ఎప్పుడూ కోసేయకండి. పాఠకులు పంపేవి కూడా తీసుకోండి, ఒక్కో ఊరిలో ఒక్కో ఆట ఉంటుంది, పలమనేరు వైపు మట్టి పని చేసేవాళ్ల ఇళ్లలో పిల్లలు ఏం ఆడతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

డిసెంబరులో మళ్లీ అనపకాయలు వస్తాయి. అప్పటికి ఆ పెట్టె మొదలుపెట్టగలిగితే మొదటిది నేనే రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక అవ్వ, తిరుపతి