వేలిముద్రలతో తెలివి కొలిచే దందా ఆపాలి

పిల్లల పది వేళ్లు స్కాన్ చేసి వాళ్ల తెలివి ఎంతో, ఏ కోర్సు నప్పుతుందో చెప్తామంటూ కొన్ని ప్రైవేటు బడుల్లోనే శిబిరాలు పెట్టి వేలకు వేలు వసూలు చేస్తున్నారు; దీన్ని వెంటనే ఆపించాలి. మా వీధిలో ఏడో తరగతి పిల్లవాడికి ఇచ్చిన రంగురంగుల రిపోర్టులో లెక్కల దగ్గర తక్కువ శాతం వేశారు. అప్పటి నుంచి లెక్కల పుస్తకం ముందు పెడితే ‘నాకు రాదని మిషనే చెప్పిందిగా’ అని పక్కకు నెట్టేస్తున్నాడు. ఆ వయసులో పట్టుదల ఎంత త్వరగా కూలిపోతుందో పాఠాలు చెప్పినవాళ్లకు తెలుసు. వేలి గీతలు తల్లి కడుపులోనే ఏర్పడి జీవితాంతం అలాగే ఉంటాయి. ఆలోచనాశక్తి మాత్రం చదువుతో, సాధనతో పెరుగుతుంది. 1905లో ఫ్రాన్స్‌లో మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే తన సహచరుడితో కలిసి బుద్ధి పరీక్ష తయారు చేసిందే చదువులో వెనకబడ్డ పిల్లలను గుర్తించి సాయపడటానికి. తెలివి ఒక్కటి కాదు, పలు రకాలు అంటూ ఈ వ్యాపారులు చెప్పుకునే బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని 1983లో ప్రతిపాదించిన అమెరికా మనస్తత్వవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ దాన్ని వేలిముద్రలతో ముడిపెట్టలేదు. రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ బడి ఆవరణల్లో ఈ పరీక్షలను నిషేధిస్తూ ఉత్తర్వులివ్వాలి. చదువులో నిజంగా ఇబ్బంది పడే పిల్లల కోసం మండలానికో అర్హత గల మనస్తత్వ నిపుణుడిని నియమించి, పరీక్షలు ఉచితంగా చేయించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి