మున్సిపల్ బిల్లులపై కౌన్సిళ్లను అడగరా?

సంపాదకులకు,

అయ్యా,

పురపాలక చట్టాలకు సవరణ బిల్లు శాసనసభకు వచ్చినప్పుడల్లా ఒక లోటు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. రేపు ఆ చట్టాన్ని భుజాన వేసుకోవాల్సిన మున్సిపల్ కౌన్సిళ్లు దాని గురించి ఏమనుకుంటున్నాయో ఎవరూ అడగరు. కాలువ పూడికతీతకూ, వీధి దీపాలకూ, టెండర్లకూ తీర్మానాలు చేసే కౌన్సిల్, తన అధికారాలను మార్చే బిల్లు మీద మాత్రం నోరు విప్పదు. అజెండాలో ఆ అంశమే ఉండదు.

2019లో తెలంగాణ కొత్త మున్సిపల్ చట్టం ఎలా వచ్చిందో చూడండి. జూలై 18న బిల్లు పెట్టారు, 19న ఆమోదించారు. చాలా మున్సిపాలిటీల్లో పాలకవర్గాల గడువు ఆ నెల మొదట్లోనే ముగిసింది. కొత్తవాళ్లు ఎన్నికైంది 2020 జనవరిలో. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరు పెట్టే నిబంధన ఆ చట్టంలో ఉంది. పచ్చదనం కావాలన్న దాంట్లో నాకు భిన్నాభిప్రాయం లేదు. కానీ ఎండాకాలంలో తాగునీటికే ట్యాంకర్లు తిరిగే వార్డులో మొక్కలకు నీళ్లెక్కడివి, తడపడానికి మనుషులెవరు అన్నది ఆ వార్డు నుంచి గెలిచినవాళ్లే చెప్పాలి. చట్టం తయారైనప్పుడు ఆ మాట చెప్పేందుకు చాలాచోట్ల వాళ్లు పదవుల్లోనే లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్ను సంగతి ఇంకా బాధాకరం. అద్దె విలువ ప్రకారం వేసే పన్నును రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టే మార్పు 2020 చివర్లో వచ్చింది. పురపాలక ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. అంటే కౌన్సిళ్లు లేని రోజుల్లో పన్ను పద్ధతి మారింది, కొత్తగా గెలిచిన కార్పొరేటర్లు వచ్చీరాగానే జనానికి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. విశాఖలోనైతే 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు. మెయిన్ రోడ్డు పక్కన పాత పెంకుటింట్లో పింఛను మీద బతికే ముసలావిడకు స్థలం విలువ పెరిగినంత మాత్రాన చేతిలోకి రూపాయి రాదు. ఏడాదికి 15 శాతానికి మించి పెరగదని ప్రభుత్వం చెప్పింది, నిజమే. ఏటా 15 శాతం చొప్పున పెరిగితే ఐదేళ్లలో పన్ను రెట్టింపవుతుంది. ఈ లెక్క ముందే ఏ కౌన్సిల్ సమావేశంలోనైనా చర్చకు వచ్చి ఉంటే, ఇలాంటి ఇళ్లకు మినహాయింపు అడిగే గొంతు ఒక్కటైనా లేచేదని నా నమ్మకం.

చట్టాలు చేసే అధికారం శాసనసభదే, అందులో వాదన లేదు. కౌన్సిల్ తీర్మానంతో బిల్లు ఆగదు. ఆపాలని నేను కోరడమూ లేదు. అయితే పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ గుర్తింపునిచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చి, రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలను పురపాలక సంస్థలకు అప్పగించదగ్గవిగా చూపించింది. నీళ్లు, పారిశుద్ధ్యం, రోడ్లు, పట్టణ ప్రణాళిక అన్నీ అందులోనే ఉన్నాయి. వాటి గురించి చట్టం రాస్తూ ఆ పని చేసేవాళ్లను అడక్కపోతే ఎలా?

కౌన్సిళ్లలో ఉన్నవీ పార్టీలే, తీర్మానాలు పార్టీ నినాదాలైపోతాయని కొందరంటారు. ఈ భయం కొట్టిపారేయదగ్గది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో చాలా నగరాలు దీనికొక పద్ధతి పెట్టుకున్నాయి. తమ నగరానికి సంబంధించి ఏ అంశాలపై మాట్లాడతామో కౌన్సిల్ ముందే తీర్మానించుకుంటుంది. రాష్ట్ర బిల్లుల్లో ఆ పరిధిలోకి వచ్చినవాటిపైనే సమర్థనో వ్యతిరేకతో తెలుపుతూ లేఖ రాస్తుంది. ఎవరెవరు సమర్థించారో, ఎవరు వ్యతిరేకించారో శాసనసభ కమిటీ నివేదికలో పేర్లతో సహా చేరుతుంది. మన కౌన్సిళ్లూ పన్నులు, నిధులు, సిబ్బంది, సరిహద్దులు, తమ అధికారాలు అన్న పరిధి గీసుకుంటే నినాదాలకు చోటు తగ్గుతుంది.

మనకూ దారులు లేకపోలేదు. ఎమ్మెల్యేలు, ఎంపీలు మున్సిపల్ కౌన్సిళ్లలో పదవి రీత్యా (ఎక్స్‌అఫీషియో) సభ్యులు. ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలోని 58 మందిలో 20 మందిని, తెలంగాణలో 40 మందిలో 14 మందిని ఎన్నుకునేది స్థానిక సంస్థల ప్రతినిధులే. ఓట్లు కావాల్సినప్పుడు కౌన్సిలర్ల ఇళ్ల చుట్టూ తిరిగే పార్టీలు, బిల్లు వచ్చినప్పుడు ఒక్క కౌన్సిలర్‌నైనా పిలిచి అడగకపోవడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది.

కేంద్రం 2014 ఫిబ్రవరిలో, చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని తన మంత్రిత్వ శాఖలకు చెప్పింది. అదే గడువును మన పురపాలక శాఖలు కూడా పాటించాలి. ముసాయిదాను తెలుగులో ప్రతి కౌన్సిల్‌కూ పంపాలి. ప్రత్యేక సమావేశంలో చర్చించి చేసిన తీర్మానాలను, విభేదించిన సభ్యుల మాటతో సహా, బిల్లుతోపాటు శాసనసభ్యులందరికీ అందజేయాలి. ఎన్నికైన పాలకవర్గం లేక ప్రత్యేక అధికారి పాలన ఉన్నచోట ఆయన సంతకాన్ని పట్టణం అభిప్రాయంగా లెక్కగట్టకూడదు. బిల్లును అభిప్రాయ సేకరణకు పంపాలని శాసనసభలో ప్రతిపాదించే వీలు సభ్యులకు ఉంది. ఈసారి మున్సిపల్ సవరణ బిల్లు వచ్చినప్పుడు స్థానిక సంస్థల కోటాలో గెలిచిన ఎమ్మెల్సీలు దానికోసం గొంతు విప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు