తోడు గిన్నె

నెల్లూరు,
డిసెంబరు 14.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరి మూడు వారాలు దాటింది. వెంటనే జవాబు రాయకపోవడానికి నా బద్ధకం ఒక కారణమైతే, ఉత్తరం చివర నువ్వు వేసిన ప్రశ్న రెండో కారణం. "ఈ ఫ్లెక్సీలు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు ఎవరికోసం? ఆడవాళ్లను కొట్టడం తప్పని తెలియనివాడు ఈ రోజుల్లో ఎవడున్నాడు?" అని అడిగావు. అందరికీ తెలిసిన సంగతినే మళ్లీ మళ్లీ చెప్పడం దండగ, శిక్షలు పెంచితే చాలు అన్నది నీ వాదం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం, అది తప్పని అందరికీ తెలుసన్న మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

మొన్న నవంబరు 25న ఇక్కడికి దగ్గరలోని ఒక మండల కేంద్రంలో సభ పెట్టి, రిటైరైన మాస్టారిని కదా అని నన్ను కూడా వేదికెక్కించారు. వెనక కట్టిన ఫ్లెక్సీలో పెద్దల ఫోటోలు నిలువెత్తున ఉన్నాయి. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181 మాత్రం అడుగున, టేబులు మీద పరిచిన గుడ్డ చాటున ఉండిపోయింది. అసలు ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారో మాట్లాడిన వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత త్రుహియోను ఎదిరించిన మిరబాల్ అక్కచెల్లెళ్లు ముగ్గురిని 1960లో చంపించిన రోజది. 1999లో ఐక్యరాజ్యసమితి దానిని మహిళలపై హింస నిర్మూలన దినంగా ప్రకటించింది. నా వంతు వచ్చినప్పుడు అది చెప్పబోతే, టైము లేదు మాస్టారూ అని చీటీ అందించారు.

అయితే నన్ను బాగా కలవరపెట్టింది ఫ్లెక్సీ కాదు. సభ మొదలయ్యే ముందు పదో తరగతి మగపిల్లలందరినీ వాలీబాల్ ఆడుకోమని మైదానంలోకి పంపేశారు. ఎందుకని అడిగితే, "ఇది ఆడపిల్లల ప్రోగ్రాం కదండీ" అన్నారు. ఎండలో కూర్చున్న ఆడపిల్లలకు గంటన్నరసేపు చెప్పింది ఏమిటయ్యా అంటే, చీకటి పడేలోగా ఇల్లు చేరమని, ఫోన్‌లో ఫోటోలు పెట్టవద్దని, ఒంటరిగా ఆటో ఎక్కవద్దని. అవి పనికిరాని జాగ్రత్తలని నేను అనను. కాని అవతల బంతి కొడుతున్న పిల్లలకు చెప్పవలసిన మాట ఒక్కటీ ఎవరికీ తోచలేదంటే, హింస అనేది వానలాగా ఆకాశం నుంచి పడుతుందనీ, గొడుగు వేసుకోవడం ఆడదాని పని అనీ మన లెక్క.

సభ అయ్యాక టీ కొట్టు దగ్గర విన్న మాటలు ఉపన్యాసాలకంటే విలువైనవి. ఒక పెద్దాయన "ఇంటిగుట్టు లంకకు చేటు, వీళ్లొచ్చి సంసారాలు వీధిలో పెడుతున్నారు" అన్నాడు. ఒక కుర్రాడు తప్పుడు కేసుల సంగతి ఎత్తాడు. తప్పుడు కేసులు లేవని నేను వాదించలేదు. భర్త, అత్తింటివారి క్రూరత్వంపై ఉన్న 498ఏ సెక్షను కింద ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పిందని మాత్రం గుర్తుచేశాను. అది అతనికి రుచించలేదు. ఇంతలో ఇంకొకాయన అందుకుని, "ఎందుకు సార్ ఇవన్నీ, దిశ కేసులో చేసినట్టు నలుగురిని కాల్చి పారేస్తే దారికొస్తారు" అనగానే, అంతవరకు విడివిడిగా వాదించుకున్న వాళ్లందరూ ఒక్కటైపోయి తలలూపారు.

నీకు గుర్తుండే ఉంటుంది. 2019 నవంబరు చివర హైదరాబాదు దగ్గర ఒక వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన ఆ ఘోరం జరిగింది, డిసెంబరు 6న నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. ఆ చోట జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ వేడిలోనే మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లును ఆమోదించింది. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చినప్పుడు దానిని చదివినవాళ్లు ఎందరో నాకు సందేహమే. ఆ ఆగ్రహం బూటకమని నేననను, ఆ రోజు నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. కాని ఆ ఆగ్రహం మనకు సులువుగా ఎందుకు వచ్చిందంటే, ఆ నలుగురూ మనవాళ్లు కాదు. జాతీయ నేర గణాంకాలలో అత్యాచార నిందితులు ఏటా 90 శాతానికి పైగా బాధితురాలికి తెలిసినవాళ్లేనని తేలుతుంది. చుట్టమో, ఇరుగుపొరుగువాడో, ప్రేమించానన్నవాడో అయినప్పుడు మనకు తుపాకులు గుర్తురావు, పెద్దమనుషుల పంచాయితీ గుర్తొస్తుంది.

నీ ప్రశ్నకు ఇక సూటిగా వస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినో పిల్లలనో పట్టించుకోకపోవడం, ఎదురు వాదించడం, పడకకు నిరాకరించడం, వంట సరిగ్గా చేయకపోవడం, ఆమెపై అనుమానం కలగడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం. దేశం మొత్తం మీద 45 శాతం ఆడవాళ్లు, 44 శాతం మగవాళ్లు కనీసం ఒక దానికి సబబే అన్నారు. ఆడవాళ్ల జవాబుల్లో అన్ని రాష్ట్రాలకంటే ముందు నిలిచినవి ఏవో తెలుసా? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. రెండింట్లోనూ దాదాపు 84 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో అది సుమారు 15. చదువు, సినిమా, సాఫ్ట్‌వేర్, అమెరికా అని మనం చెప్పుకునే గొప్పలన్నిటి పక్కన ఈ అంకె కూడా ఉంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆ ఏడింటిని మా ఆవిడకు చదివి వినిపించాను. ఆరింటికీ ఆమె చిరాకుగా "ఛ, ఛ" అంటూనే ఉంది. అత్తమామల మాట వచ్చేసరికి బీరకాయ చెక్కు తీస్తున్న కత్తిపీట దగ్గర చెయ్యి ఆగింది. "కొట్టడం తప్పే గాని..." అని ఊరుకుంది. ఆ 'గాని' తరువాత ఏముందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ముప్పై అయిదేళ్లు మా అమ్మకు కాళ్లు పట్టిన మనిషి ఆమె. దేశమంతటా ఎక్కువమంది ఒప్పుకున్న కారణం కూడా అదేనని తరువాత చూసి తెలుసుకున్నాను. తప్పని అందరికీ తెలుసని నువ్వన్నావే, ఆ తెలియడం ఈ 'గాని' దగ్గరికి వచ్చి ఆగిపోతుంది మిత్రమా.

అవగాహనతో ఏమీ కాదంటున్నావు. మరి మనం చూసింది ఏమిటి? 1991లో లాంతరు పెట్టుకుని మనిద్దరం రాత్రి బడిలో అక్షరాలు దిద్దించిన రోజులు మరిచిపోయావా? ఒక ఊళ్లో ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించిన కథ ఆ వాచకంలో ఉండేది. దానిని చదివి మన జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు "మనమెందుకు మూయించలేం" అనుకున్నారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు ఊరూరా వినబడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, అది రెండేళ్లకే సడలిపోయింది. ఆ రోజుల్లో ర్యాలీ అంటే చీపుర్లు, చేటలు పట్టుకుని కొట్టు ముందు బైఠాయించడమే.

అయితే ఈ మధ్య ఒక సంగతి నాకు తట్టింది. నీకు ఇది ఒప్పుదల కాకపోవచ్చు. ఆ ఉద్యమాన్ని మగవాళ్లు కూడా అంతగా మెచ్చుకోవడానికి కారణం, అందులో శత్రువులు సారా, కాంట్రాక్టరే గాని మొగుడు కాదు. "తాగొచ్చి కొడుతున్నాడు" అని పది మందిలో చెప్పగలిగిన ఆడది "కొడుతున్నాడు" అని ఒక్క మాటగా చెప్పలేకపోయేది. సారా ఆమెకు నోరిచ్చింది, మొగుడి పరువూ కాపాడింది. తాగకుండా కొట్టేవాడి సంగతి ఆ రోజుల్లో ఎవరం ఎత్తలేదు.

తాగకుండా కొట్టేవాడు నా పక్క వాటాలోనే ఉండేవాడు. ఆ అద్దె ఇల్లు నువ్వు చూశావు, నడుమ ఒకే ఒక్క ఇటుక గోడ. మనిషి ఉద్యోగస్థుడు, టీ కూడా తాగడు, ఉదయాన్నే స్తోత్రాలు చదివేవాడు. రాత్రిళ్లు ఆ గోడ అవతల నుంచి చప్పుడు వస్తే నేను చేసిన పని ఏమిటో ఇన్నాళ్లకు నీకు చెబుతున్నాను: రేడియో సౌండు పెంచేవాణ్ణి. మరునాడు ఆవిడ మా ఇంటికి పెరుగు తోడు కోసం వచ్చేది. మోచేతి పైన నల్లగా కమిలి ఉంటే, నూతి దగ్గర జారిపడ్డానండీ అనేది. మా ఆవిడ గిన్నెలో తోడు వేసి ఇచ్చేది. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోకుండా ఆ గిన్నె చేతులు మారేది. రాత్రి బడిలో పలక పట్టించి, చైతన్యం తెస్తున్నామని సంబరపడి ఇంటికి వచ్చిన నేను చేసింది ఇదీ.

ఆ రోజుల్లో గృహహింసకు ప్రత్యేక చట్టం లేదని సాకు చెప్పుకోవచ్చు. ఇప్పుడు 2005 గృహహింస చట్టం ఉంది, 2006 అక్టోబరు నుంచి అమలవుతోంది. తిట్టడం, డబ్బుకు మాడ్చడం కూడా అందులో హింసే. బాధితురాలే రావాలని కూడా లేదు. ఫలానా ఇంట్లో ఇలా జరుగుతున్నదని నమ్మకంగా తెలిసిన ఎవరైనా ఆ చట్టం కింద ఉండే రక్షణ అధికారికి చెప్పవచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై సివిల్ గాని క్రిమినల్ గాని ఏ కేసూ నిలవదని నాలుగో సెక్షను చెబుతోంది. అంటే ఆ చట్టం నావంటి పొరుగువాడి కోసం కూడా రాసినదే. మొన్నటి సభలో గంటన్నరలో ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు. దెబ్బలు తిన్న వాళ్లలో 77 శాతం మంది సాయం అడగకపోవడమే కాదు, ఎవరితోనూ చెప్పుకోను కూడా లేదని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేయే అంటోంది. వాళ్లు నోరు విప్పాలని ఎదురుచూస్తూ కూర్చుంటే మనకు హాయి, అంతే.

అందుకే వచ్చే ఏడాది మైదానంలోకి వెళ్లిన ఆ పిల్లలతోనే మాట్లాడతానని హెడ్‌మాస్టరుగారికి చెప్పి వచ్చాను. ఆయన నవ్వి, "వాళ్లకేం చెబుతారు సార్?" అన్నారు. ఏం చెప్పాలో ఇంకా పూర్తిగా తేల్చుకోలేదు, నువ్వూ ఆలోచించి రాయి.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను. మూడు రోజుల క్రితం రాత్రి తొమ్మిదిన్నరకు ఎదురింట్లో గిన్నెలు ఎగిరిపడిన చప్పుడు, వెంటనే ఒక కేక. చుట్టుపక్కల టీవీల చప్పుడు పెరిగింది. నేను పోలీసుల కోసం 112 నొక్కాలా వద్దా అని ఫోను చేతిలో పట్టుకుని మీమాంసలో ఉండగా, మా ఆవిడ వంటింట్లో నుంచి చిన్న స్టీలు గిన్నె తీసుకుని చెప్పులేసుకుంది. "ఎక్కడికి?" అంటే, "తోడు అడిగి వస్తాను" అంది. మా ఫ్రిజ్‌లో రెండు గిన్నెల పెరుగు ఉంది. ఆమె బెల్లు నొక్కుతూనే ఉంది, తలుపు తీసేదాకా. అతను తీశాడు. ఆమె "అమ్మాయిని పిలువు బాబూ" అని గడపలోనే నిలబడి, ఆ పిల్ల వచ్చి తోడు వేసిచ్చేవరకు కదలలేదు. పక్కింటివాళ్లు బెల్లు నొక్కితే చాలంటూ 2008లో 'బెల్ బజావో' అని ఒక ప్రచారం నడిచింది. ఆమెకు అది తెలియదు, నేను చెప్పలేదు కూడా.

ఆ రాత్రికి చప్పుడు ఆగింది. మరునాటి నుంచి అతను నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాడు. ఆ పిల్ల కూడా మా ఆవిడను పలకరించడం మానేసింది, బహుశా సిగ్గుతో, బహుశా భయంతో. మా ఆవిడ మాత్రం నిన్న మళ్లీ గిన్నె కడిగి బోర్లించి, గట్టు మీద చేతికందేటట్టు పెట్టుకుంది.

సంక్రాంతికి తప్పక రా. చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
నీ మిత్రుడు