లేని గడికి స్క్రీన్‌షాట్ ఎట్లా పంపేది?

అనంతపురం

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

మీ హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ గురించి ఇది ఐదో ఉత్తరం. ముందు నాలుగూ ఎవరు చదివారో తెలీదు గానీ, "మీ సమస్య మాకు ముఖ్యం" అని నాలుగుసార్లూ మెసేజ్ మాత్రం వచ్చింది.

మావైపు బుడ్డల (వేరుశనగ) చేన్లలో వానాకాలం పాముకాట్లు మామూలే. గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూస్తాం. గడ్డ కట్టకపోతే విరుగుడు ఎక్కిస్తాం, 6 గంటలకు మళ్లీ చూస్తాం. ఆ టైములు రాసే గడి మీ కేస్‌షీట్‌లో లేదు. పెంపుడు జంతువుల అలర్జీకి మాత్రం ఉంది, అది నింపందే పేజీ సేవ్ కాదు! మా సిస్టర్ టైములన్నీ ప్లాస్టర్ ముక్క మీద రాసి మంచం కమ్మీకి అంటిస్తోంది.

మొదటి అబ్బాయి కంప్యూటర్ ఆపి ఆన్ చేయమన్నాడు. చేశా, గడి మొలవలేదు. రెండో అమ్మాయి "ఇది స్టాండర్డ్ వెర్షన్ సార్, మీరడిగేది కస్టమైజేషన్" అని సేల్స్‌కు తోసింది. సేల్స్ ఆయన మళ్లీ సపోర్ట్‌కే తోశాడు. అక్కడ ఇంకో మహానుభావుడు, లేని గడికి స్క్రీన్‌షాట్ పంపమన్నాడు. పంపినా! మర్నాడు టికెట్ మూసేసి, ఎన్ని స్టార్లిస్తారని అడిగారు.

స్టాండర్డ్ వద్దని నేనెప్పుడన్నా? ఇక్కడి పేషెంటును కర్నూలుకు పంపితే అక్కడి డాక్టరుకూ అర్థం కావాలనే కదా మీది కొన్నది. రోగాలకు కోడ్లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో పాము విషానికి టి63.0 అని కోడే ఉంది. మీరు స్టాండర్డ్ అంటున్నది మీకు పని తప్పించే పద్ధతి.

ఆరేళ్ల కస్టమర్ని. ధర్మవరంలో ఒకరితో, కదిరిలో ఒకరితో నేనే కొనిపించా. కమిషన్ అడగలేదయ్యా, ఫోనెత్తమంటున్నా.

ఈ ఏడాది మెయింటెనెన్స్ చెక్కు రాసి సొరుగులో పెట్టా. సోమవారంలోగా మనిషన్నవాడు, రికార్డు గొంతు కాదు, నాతో మాట్లాడాలి. లేదంటే చెక్కు చించి, వినియోగదారుల కమిషన్‌కు పోతా, ధర్మవరం, కదిరి వాళ్లనూ వెంటబెట్టుకుని. ఆ డబ్బుతో లాంగ్ నోటుబుక్కులు కొంటా. గడులు మా సిస్టరే స్కేలు పెట్టి గీసుకుంటుంది.

దీనికి టికెట్ నంబర్ పంపొద్దు.

ఇట్లు,
20 పడకల నర్సింగ్ హోమ్ డాక్టరు