రేపు కూరలో బొమికలు కుక్కలకి వెయ్యొద్దండి 🙏

అందరికీ నమస్తే అండి,

రేపు ఆదివారం, ఇంటింటా నాటుకోడో వేటమాంసమో ఉంటది కదా, తిన్నాక మిగిలిన బొమికలు మాత్రం కుక్కలకి వెయ్యకండి ప్లీజ్. ఉడికిన బొమిక పెళుసెక్కిపోద్ది, కొరికితే పుల్లల్లాగ చీలిపోయి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటది, పైగా కూరలో ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషమే. పోయిన నెల మా కుక్క బ్రౌనీకి కోడి బొమిక అడ్డం పడి రాత్రి 11 గంటలకి అమలాపురం నుంచి కాకినాడ దాకా పరిగెత్తామండి, ఆ భయం ఇంకెవరికీ వద్దు. చేప ముళ్ళూ అంతే.

పచ్చి బొమిక పెట్టేవాళ్ళు కూడా జాగ్రత్త, సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఇంట్లో చంటిపిల్లలుంటే అసలొద్దు.

చ్యూ (కుక్కలు నమలడానికి ఇచ్చేది) కొనేటప్పుడు గోటితో గట్టిగా నొక్కండి, నొక్కు పడకపోతే అది పళ్ళు విరగ్గొట్టే రకం. నోట్లో మొత్తం పట్టే సైజు తీసుకోకండి. నమిలి నమిలి చిన్న ముక్కైతే వెంటనే లాగేసి పారెయ్యండి, తోలు చ్యూలు మింగితే పొట్టలో ఉబ్బుతాయి. కొబ్బరి చిప్పలు, డొక్కలు మన దగ్గర ఎక్కడపడితే అక్కడుంటాయి, అవి కూడా అందనివ్వకండి.

రేపు సాయంత్రం 5కి పార్క్ గేట్ దగ్గర కలుద్దాం. మీరు వాడే చ్యూలన్నీ తీసుకురండి, కలిసి చూసుకుందాం. వచ్చేవాళ్ళు ఈ రాత్రి 9 లోపు పేరు పెట్టండి.

గుర్తుంచుకోండి: బొమిక మింగేస్తే ఇంట్లో వాంతి చేయించొద్దు, ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. రేపు లీష్ మర్చిపోవద్దు.