తెయోతిత్లాన్‌లోని మా వియ్యాలవారికి, అమ్మ మాటగా కృతజ్ఞతలు

గత జనవరిలో నా బావమరిది పెళ్ళికి నా భార్య, అమ్మ, నేను ముగ్గురమూ మెక్సికోలోని వహాకా రాష్ట్రానికి వెళ్ళి, పదకొండు రోజులు ఉండి వచ్చాము. నా అత్తమామలు చాలా ఏళ్ళు కాలిఫోర్నియాలో పనిచేసి, ఇప్పుడు తమ సొంత ఊరైన తెయోతిత్లాన్ దెల్ వాయేలో స్థిరపడ్డారు. వహాకా నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరు సపోతెక్ అనే స్థానిక తెగకు చెందిన నేతగాళ్ళ ఊరు. ఏ వీధిలోకి వెళ్ళినా మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, గోడలకు ఉన్ని తివాచీలు వేలాడుతుంటాయి. అక్కడ మాకు అందిన సహాయానికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పాలని తిరిగి వచ్చిన రోజు నుంచీ అనుకుంటున్నాను. "వాళ్ళ భాషలో మీరిద్దరూ చెప్పుకున్నారు, నా మాటగా తెలుగులో రాయి, మనవాళ్ళకు కూడా తెలియాలి" అని అమ్మ అన్నది కనుక ఇది తెలుగులో రాస్తున్నాను. నా భార్య దీన్ని స్పానిష్‌లోకి మార్చి వారికి చదివి వినిపిస్తుంది.

అమ్మకు అమెరికా వీసా ఉండటంతో మెక్సికోకు వేరే వీసా అవసరం కాలేదు. అయితే మెక్సికో నగరంలో విమానం మారేటప్పుడు ఆమె పెట్టె వెనకబడిపోయింది. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు అందులోనే ఉన్నాయి. చేతిసంచిలో ఉంచవలసిన వాటిని పెట్టెలో సర్దినది నేనే. 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నగరంలో నాలుగు గంటలు కూర్చున్నందుకో, దారి బడలికకో అమ్మకు అప్పటికే తల తిరుగుతున్నది. వహాకాలో దిగేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మమ్మల్ని తీసుకువెళ్ళడానికి వచ్చిన నా భార్య మేనమామగారు సంగతి వినగానే కారును ఊరివైపు కాక ఒక మందుల దుకాణం వైపు తిప్పారు. మెక్సికోలో చాలా మందుల దుకాణాలను ఆనుకుని ఒక చిన్న గది ఉంటుందనీ, అందులో డాక్టరు కూర్చుని కొద్దిపాటి ఫీజుకే చూస్తారనీ మాకు అప్పటిదాకా తెలియదు. అక్కడి డాక్టరమ్మ అమ్మకు బీపీ చూసి, నా ఫోనులో ఉన్న పాత చీటీ ఫోటోలో మందుల అసలు పేర్లు చదువుకుని, అవే మాత్రలు రాసి ఇచ్చింది. మేనమామగారు డబ్బు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. తరువాత పెట్టె కోసం ఆయన మూడుసార్లు విమానాశ్రయానికి వెళ్ళారు; పెళ్ళిపనుల మధ్య అది ఎంత కష్టమో పెళ్ళి చేసినవారికి తెలుస్తుంది.

భోజనం విషయం కొంచెం వివరంగా చెప్పాలి. అమ్మ పుట్టినప్పటి నుంచీ శాకాహారి. వహాకా వంటలో చూడటానికి శాకాహారంలా కనిపించే నల్ల చిక్కుడుగింజల కూరలోనూ, మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరిపై ఉడికించే తమాలెస్‌లోనూ పంది కొవ్వు కలుస్తుంది. అందుకే "అమ్మ పళ్ళూ పెరుగూ తింటుంది, మీరేమీ శ్రమపడవద్దు" అని ముందే కబురు పంపాను. మేము వెళ్ళేసరికి నా భార్య పెద్దమ్మగారు వంటింట్లో ఒక మూలన కొత్త మట్టికుండ, కొత్త పెనం పెట్టి ఉంచారు. కొవ్వు తగలని గిన్నెలు కావాలని మేము అడగలేదు, ఆమే ఆలోచించుకున్నారు. పదకొండు రోజులూ అమ్మకు అవొకాడో ఆకు వేసిన నల్ల చిక్కుడుగింజలు, నాగజెముడు మట్టల కూర, సున్నపు నీటిలో ఉడికించిన మొక్కజొన్నతో చేసిన రొట్టెలు ఆ మూలనే తయారయ్యాయి. పెళ్ళి వంటకమైన మోలే నెగ్రో అనే నల్లని చిక్కటి పులుసు కోసం మాడ్చిన మిరపకాయలు, నువ్వులు, ఎండుద్రాక్ష, లవంగాలు, దాల్చినచెక్క, చాక్లెట్ కలిపి రోజంతా నూరారు. అందులో కొంత ముద్దను టర్కీకోడి రసం పోయకముందే పక్కకు తీసి, నూనెలో వేయించి, వట్టి నీళ్ళతో పలుచన చేసి అమ్మకు వడ్డించారు.

మన సన్నికల్లు లాంటి వారి నూరుడురాయిని మెతాతె అంటారు, దాని ముందు మోకాళ్ళపై కూర్చుని నూరాలి. అమ్మకు మోకాళ్ళ నొప్పి కనుక ఆ రాయిని ఒక బల్ల మీదికి ఎత్తించి, పక్కన నిలబడి నూరనిచ్చారు. అతిథిగా ఒక పక్కన కూర్చోబెట్టి ఉంటే ఆమె అంత సంతోషపడేది కాదని నా నమ్మకం. ఒక మధ్యాహ్నం వారు ఇచ్చిన ఎర్రని పుల్లని పానీయం తాగి అమ్మ, "ఇది గోంగూర పులుపే" అన్నది. నిజమే. వారు హమైకా అని పిలిచేది మన ఎర్ర గోంగూర మొక్కే, దాని పువ్వు అడుగున ఉండే ఎర్రని రక్షకపత్రాలను ఎండబెట్టి కాచి, చక్కెర వేసి తాగుతారు.

స్పానిష్‌లో వియ్యపురాలికి కొన్‌సుయెగ్రా అనే ప్రత్యేకమైన పదం ఉంది. ఊరందరికీ అమ్మను ఆ మాటతోనే పరిచయం చేశారు. కాలిఫోర్నియాలో మా అమ్మ మా అత్తగారికి ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లీషులో మాట దొరక్క నేను ఎన్నోసార్లు తడబడ్డాను.

పెళ్ళికి ముందురోజు ఇరుగుపొరుగువారు టర్కీకోళ్ళు, కోకో గింజలు, మొక్కజొన్నలు, గుడ్లు మోసుకుంటూ వరుసగా వచ్చారు. వాకిట్లో ఒకరు బల్ల వేసుకుని ఎవరు ఏమి తెచ్చారో, ఎంత తూకమో నోటుపుస్తకంలో రాస్తున్నారు. దీనిని గెలగెత్సా అంటారు. తీసుకున్నది వారింటి వేడుకకు అంతే కొలతతో తిరిగి ఇవ్వాలి. ఇరవై ఏళ్ళ తరువాతనైనా, పిల్లలైనా ఆ బాకీ తీరుస్తారు. అమ్మకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది. "చదివింపులే కదా" అని లేచి, పెళ్ళికూతురి కోసం తెచ్చిన మంగళగిరి చీరను, 1,116 పెసోలను బల్ల మీద పెట్టింది. ఇంటివారి పేరు పుస్తకంలో రాయనక్కరలేదని మా మామగారు ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. చివరికి ఆయనే స్వయంగా కలం తీసుకుని, ఇండియా నుంచి వచ్చిన వియ్యపురాలు అని రాసి, ఆ పదహారుతో సహా అంకె వేశారు. ఆ అంకె ఎందుకలా ఉందని ఆయన అడగలేదు. అది మా పద్ధతి అని గ్రహించారు.

అలా వారి పుస్తకంలో మా ఇంటి పేరు ఎక్కింది. మా చెల్లెలి పెళ్ళి కుదిరినప్పుడు తెనాలి వచ్చి ఆ బాకీ తీరుస్తామని మామగారు మాట ఇచ్చారు. కానీ మేము తీర్చవలసినదే ఎక్కువ. అమ్మ తన లెక్కల పుస్తకంలో ఒక పేజీ తీసి, మందుల ఖర్చు, విమానాశ్రయానికి మూడు ప్రయాణాలు, కొత్త కుండ, కొత్త పెనం అని వరుసగా రాసుకున్నది. మేనమామగారూ, పెద్దత్తగారూ, అత్తయ్యగారూ, మామయ్యగారూ, మీకందరికీ మా నమస్కారాలు. మీరు తెనాలి వచ్చినప్పుడు బండి నేను నడుపుతాను. మా వంటింట్లో మీకోసం పెట్టే కుండలో ఏమి వండాలో పెద్దత్తగారు ముందుగా చెప్పి పంపాలని అమ్మ అడుగుతున్నది.